తుమ్మకి క్షవరం

శ్రోతలకు నమస్కారం. పోయిన ఆదివారం గుంటూరు పక్కనే ఒక ఊరి చెరువుకట్ట మీద నేను సర్కారు తుమ్మ చెట్టుతో మూడు గంటలు పోట్లాడాను. ఒక్కటంటే ఒక్క చెట్టు!

ఈ తుమ్మ మనది కాదు, అమెరికా ఖండాలది. 1870ల్లో వంటచెరకు కోసమని తెప్పించారు, మన కడప జిల్లాలోనూ నాటారు. దాని కాయలు మేకలు, పశువులు తింటాయి, పేడలో గింజలు పడతాయి, ఇక కట్ట, కాలువ, బీడు అంతా అదే.

నిరుడు వేసవిలో మేం వాలంటీర్లం పదిమందిమి కలిసి కట్ట మీది చెట్లన్నీ నేలమట్టానికి నరికేసి, ఫోటోలు దిగి, ఇళ్లకెళ్లి హాయిగా పడుకున్నాం. వానలు పడ్డాక వెళ్లి చూస్తే ఒక్కో మోడుకి పదేసి కొమ్మలు! నాకు ఏడుపొక్కటే తక్కువ. అయినా మళ్లీ గొడ్డలి ఎత్తాను. అటుగా గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన ఆగి, "ఏం అబ్బాయ్, చెట్టుకి క్షవరం చేస్తన్నావా?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, మాట నిజం. దాని చిగుళ్లన్నీ మొదట్లో, మట్టి కింద దాక్కుని ఉంటాయి. పైన ఎంత కోసినా మళ్లీ వస్తుంది. పెద్దాయన గునపం తీసుకుని మొదలు చుట్టూ మట్టి కదిపాడు. నేను గునపాన్ని బలంకొద్దీ పొడుస్తుంటే, "పొడవబాక, ఎత్తి వదిలెయ్, దాని బరువుకి అదే దిగుద్ది" అన్నాడు. అవును బాబాయ్, దిగింది! పారతో మట్టి తోడి, జానెడు లోతున, ముదురు చెట్టయితే ఇంకాస్త కిందకి వేరు నరకాలి. మట్టి కింద, జానెడు లోతున. ఈ ప్రసంగంలో ఇదొక్కటి గుర్తుంటే చాలు.

వేరుకి పాత గొడ్డలి వాడండి, మట్టిలో రాయి తగిలితే మంచి గొడ్డలి అంచు పోతుంది. గొడ్డలి కామ నల్లతుమ్మ కర్రయితే మేలు, అది మన తుమ్మే లెండి, దాని మీద నాకే కోపమూ లేదు. జేసీబీ పెడితే ఒక్క పూటలో అయిపోతుంది కదా అంటారు. బీడులో అయితే సరే, కట్ట మీద మాత్రం నాకు భయం, మట్టంతా గుల్లవుతుంది. మేం చేత్తో తవ్విన గుంటల్నే మట్టి పోసి దిమ్మిసతో గట్టిగా కొడుతున్నాం.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఆరింటికి మళ్లీ వెళ్తున్నాం. మీ ఊళ్లోనూ ఎవరైనా ఈ పనికి దిగితే హవాయి చెప్పులతో మాత్రం వెళ్లకండి. ఆ ముల్లు చెప్పులోంచి దూరి పాదంలోకి వస్తుంది. నాకు వచ్చింది.