ఇంటికి పొమ్మనే కూత

(హనుమకొండలో ఇంజినీరింగ్ చివరి ఏడాది విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే.

మా తాత వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేశాడు. 1934లో మొదలైన ఆ మిల్లు ఇప్పుడు లేదు. మీ ఇళ్లల్లో ముసలివాళ్లను అడగండి, ముందు మిల్లు కూత గురించే చెప్తారు. షిఫ్టు ఎక్కడానికి ఒక కూత, దిగడానికి ఒక కూత. దిగే కూత వినపడంగనే మా నానమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేదట. తాత సైకిల్ వాకిట్లోకి వచ్చేసరికి అన్నం ఉడికేది. మిల్లు పని సుఖమైనదేం కాదు. నూలు ధూళి పీల్చి పీల్చి ఆయన చివరిదాకా దగ్గుతూనే ఉన్నాడు. కానీ దిగే కూత అయ్యాక తాతను పిలిచే హక్కు ఏ మేస్త్రీకీ లేదు.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తొమ్మిదేళ్లు పనిచేశాను. అక్కడ ఎక్కే కూత ఉంది, దిగే కూత లేదు. నాకు జరిగింది మీకు జరగకూడదని వచ్చాను.

మొదటి రోజు ఎవరూ బెదిరించలేదు. బ్యాగు, టీషర్టు ఇచ్చారు. "ఇక్కడ బాస్‌లు ఉండరు, మనదంతా ఒక కుటుంబం" అన్నారు. ఆ రాత్రి బాపుకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. ఎంత సంతోషపడ్డాడో!

ఎనిమిదిన్నర దాటితే రాత్రి భోజనం ఫ్రీ, తొమ్మిది దాటితే ఇంటిదాకా క్యాబ్ ఫ్రీ. కొత్తగా వచ్చి హాస్టల్‌లో ఉండే పిల్లలకు అది పెద్ద విషయం. ఆరింటికి పని అయిపోయినా భోజనం కోసం కూర్చునేవాళ్లం. కూర్చున్నవాళ్లకు పని దొరకకుండా ఉంటుందా? తొమ్మిదింటికి అమెరికా క్లయింట్ లేచేవాడు, కాల్ మొదలయ్యేది. ఉదయం పదకొండుకు వెళితే రాత్రి పదకొండు. వారానికి ఐదు రోజులే అని చెప్పుకునేవాళ్లం. లెక్క వేయండి, 60 గంటలు. శనివారం వచ్చే మెసేజ్‌లు ఇందులో లేవు.

ఎప్పుడైనా ఆరింటికి బ్యాగు సర్దుకుంటే "ఏంది, ఈ రోజు హాఫ్ డేనా?" అని పక్క సీటు నుంచి ఒక నవ్వు వినిపించేది. లీవులు రూల్స్‌లో ఉన్నాయి. అడిగే ధైర్యం మాత్రం మాలో లేకుండా చేశారు. అన్నిటికన్నా పాడు పని రేటింగ్ చేసింది. పది మంది టీంలో, అందరూ బాగా చేసినా, ఒకరిని కింద పెట్టాల్సిందే. దాంతో పక్కవాడు త్వరగా ఇంటికి పోతే నాకు లోలోపల హాయిగా ఉండేది. వాడు కింద పడతాడు, నేను పడను అని. వాడు నాతో ఒకే గదిలో ఉండేవాడు, ఒకే గిన్నెలో వండుకునేవాళ్లం. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒకసారి బాపు బాత్రూంలో జారిపడితే వరంగల్‌లో ఆసుపత్రిలో చేర్చాం. మేనేజర్‌కు మెసేజ్ పెట్టాను. "ఫ్యామిలీ ఫస్ట్, జాగ్రత్త. రాత్రి కాల్‌కి వస్తావు కదా?" అని జవాబు. రెండూ ఒకే మెసేజ్‌లో. వార్డులో బాపు మంచం పక్కనే ల్యాప్‌టాప్ తెరిచి కాల్‌లో ఉన్నాను. డాక్టర్ వచ్చి, మీ నాన్న ఇంట్లో ఏ గోలీలు వేసుకుంటాడని అడిగాడు. నేను ఆయన వైపు చూడకుండానే ఒక వేలు ఎత్తి, ఆగమన్నట్టు చూపించాను. ఆయన ఒక్క క్షణం నిలబడి పక్క మంచానికి వెళ్లిపోయాడు. అమ్మ సంచిలోంచి గోలీల అట్టలు తీసుకుని ఆయన వెనుక పరిగెత్తింది. నన్ను ఒక్క మాట అనలేదు. బాపు మాత్రం "వానికి పని ఉన్నది, వాన్ని అనకురి" అన్నాడు. పడ్డ మనిషి నా తరఫున మాట్లాడాడు.

ఆ తర్వాత కూడా రెండేళ్లు అక్కడే ఉన్నాను. ఒక సోమవారం మా రూమ్‌మేట్ ఐడీ కార్డు గేటు దగ్గర పనిచేయలేదు. మెషీన్ పాడైందనుకున్నాడు. ఉద్యోగం పోయింది. మధ్యాహ్నానికి మా గ్రూపుల్లోంచి అతని పేరు తీసేశారు. వాడి గురించి మీటింగ్‌లో ఎవరమూ మాట్లాడలేదు, నేను కూడా. అప్పుడు రాజీనామా రాశాను.

ఇది నా ఒక్కడి బలహీనత అనుకుని చాలా రోజులు కుమిలిపోయాను. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేయడం వల్ల వచ్చిన పక్షవాతం, గుండె జబ్బులతో 2016 ఒక్క ఏడాదిలో సుమారు 7,45,000 మంది చనిపోయారని. మేం 60 గంటలు చేసేవాళ్లం! 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. ఆయన కట్టిన సంస్థ మీద నాకు గౌరవం ఉంది. ఈ మాటను మాత్రం నేను ఒప్పుకోను.

మన రాష్ట్రంలో దుకాణాలు, వాణిజ్య సంస్థలకు 1988 నాటి చట్టం ఉంది. రోజుకు 8, వారానికి 48 గంటలు అన్నది దాని మూల సూత్రం. 2025 జూలైలో ప్రభుత్వం, దుకాణాలను వదిలి, వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల దాకా పెంచుకోనిచ్చింది, వారానికి 48 మాత్రం అలాగే ఉంచింది. ఐటీ కంపెనీలకు కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఉన్నా, ఆ మినహాయింపు షరతుల్లోనూ ఈ 48 ఉంది. తొమ్మిదేళ్లలో ఈ సంఖ్య మా ఫ్లోర్‌లో ఒక్కరి నోట కూడా నేను వినలేదు.

కొందరు ఈ ఉద్యోగాలను వెట్టితో పోలుస్తారు. నేను పోల్చను. దొరల వెట్టికి ఎదురు తిరిగిన పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు ప్రాణమిచ్చాడు. ఏసీలో కూర్చుని జీతం తీసుకున్న నేను ఆ మాట వాడుకోవడం తప్పు. అయితే ఆ ఊళ్లలో జనం సంఘంగా కూడి, ఒకరి బాధ ఒకరికి చెప్పుకున్నారు. మా ఫ్లోర్‌లో మూడు వందల మందిమి, అలిసిపోయింది నేనొక్కడినే అని ఎవరికి వారే అనుకున్నాం. చేరాక ముందు పక్క సీటువాళ్లతో మాట్లాడండి. ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో మీ సొంత నోటుబుక్కులో రాసుకోండి. కంపెనీ బయట ఇద్దరు ముగ్గురు స్నేహితులను కాపాడుకోండి. నాకు ఒక్కరూ మిగల్లేదు. మొదటి జీతం నుంచే కొంత పక్కన పెట్టండి, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే కాదనే గొంతు వస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి. నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు.

ఆఫర్ లెటర్ వచ్చినవాళ్లు దాన్ని వెంట తెచ్చుకోమని మీ సార్‌తో ముందే చెప్పించాను. తీయండి. నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు, ముందే మానేస్తే కట్టాల్సిన బాండ్ ఎంత, పని గంటల గురించి ఏం రాశారు, ఈ మూడు చోట్లా పెన్సిల్‌తో గీత గీయండి. వెనుక వరుసలో చెల్లె చేయెత్తింది. రామ్మా, ముందు నీ లెటర్ చదువుదాం.