పడిన చెట్టును తుంటలుగా కోయకముందే

అందరికీ నమస్కారం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు నీడనిచ్చిన పెద్ద చెట్లు లెక్కలేనన్ని కూలాయి. ఆ రోజుల్లో దారులు తెరవడమే ముఖ్యం, అందుకు ఎవరినీ తప్పు పట్టను. కానీ హైదరాబాద్‌లో ఏటా ఈదురుగాలికి నిద్రగన్నేర్లు, తురాయిలు, వేపలు పడుతూనే ఉన్నాయి. వాటిని ఇంకా పొట్టి తుంటలుగా కోసి వంటచెరకుకే పంపేస్తున్నాం. ఆ దుంగలతో అందమైన గిన్నెలు చేయొచ్చు కదా అని, అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

నిద్రగన్నేరు చేవ చాక్లెట్ రంగులో ఉంటుంది, చుట్టూ లేత పసుపు చెక్క. హవాయిలో ఇదే చెట్టుతో లేత్ (కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో తొలిచే యంత్రం) మీద చేసిన గిన్నెలకు ఎంతో పేరుంది. మనకూ ఈ పని కొత్తది కాదు. ఏటికొప్పాకలో బొమ్మల కోసం అంకుడు కర్రను తరిమెన పడతారు, అంటే లేత్ మీద తిప్పి చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్కను ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

దుంగ పాడయ్యేది కోసిన మొదటి రోజుల్లోనే. తేమ చివర్ల నుంచి త్వరగా పోతుంది, అక్కడ చెక్క ముందే కుంచించుకుని పగుళ్లిస్తుంది. అందుకే కోసిన రోజే రెండు చివర్లకూ కరిగించిన మైనం పూయాలి. తర్వాత నట్టనడుమ గుండా నిలువునా రెండుగా చీల్చాలి. వలయాల వెంబడి చెక్క కుంచించుకునేది, నడుమ నుంచి బెరడు వైపు కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. చీల్చకపోతే ఆ లాగుడుకు దుంగే పగులుతుంది. గిన్నెను పచ్చిగా ఉండగానే దళసరిగా తొలిచి, కాగితం సంచిలో పెట్టి నీడన నెలల తరబడి ఆరనివ్వాలి. అడుగు వెడల్పు గిన్నెకు అంగుళం పైచిలుకు మందం ఉంచండి. ఆరేటప్పుడు అది కోడిగుడ్డులా సాగుతుంది, మందం ఉంటేనే మళ్లీ గుండ్రంగా తిప్పుకోగలం.

నగరంలో చెట్లకు బోర్డుల కోసం మేకులు కొడతారు. చెట్టు పెరుగుతూ వాటిని లోపలికి మింగేస్తుంది. మెటల్ డిటెక్టర్ తిప్పకుండా రంపం పెట్టకండి. ఇనుము చుట్టూ పట్టిన నల్ల మరక మాత్రం నాకు ఇష్టం, దాన్ని తీసేయను.

గిన్నె కోసం బతికున్న చెట్టును కొట్టకూడదు. పడినదాన్ని కూడా అనుమతి అడిగే తీసుకోండి. మీ కాలనీలో చెట్టు పడితే, కొమ్మ రెండుగా చీలే చోటును ముక్కలు చేయవద్దని కోసేవాళ్లకు చెప్పండి. అక్కడ పీచు అల్లుకుపోయి ఉంటుంది, లేత్ మీద అద్భుతమైన గీతల అల్లిక కనిపిస్తుంది. మొదలు దుంగలను వాటి లావు కంటే కాస్త పొడవుగా కోయించండి. ఎంత మైనం పూసినా చివర రెండు మూడు అంగుళాలు తీసేయాల్సే వస్తుంది.