ఎర్రబడగానే కోసేయడమేనా?

అందరికీ నమస్కారమండి, వెనకున్నవాళ్లకి వినబడుతోంది కదా... సరే. పేస్ట్‌కి వెళ్లే టమాటాని ఏ రోజు కోయాలి, ఇవాళ అదొక్కటే మాట్లాడతాను.

కూరకి వెళ్లేదైతే దోరగా ఉండగానే కోస్తారు, దారిలో పండుతుందిలే అని. ఫ్యాక్టరీకి వెళ్లేది తోటలోనే పండాలి. పైగా మెషిన్ పెడితే మొక్కనే కోసి కాయలు దులిపేస్తుంది, ఇక రెండో కోత ఉండదు, ముందు కాసిన కాయ వెనక కాసిన కాయ అన్నీ ఒకేరోజు లోడుకెక్కాల్సిందే. అందుకే పదింట తొమ్మిది ఎర్రబడేదాకా ఆగుతారు.

అయితే ఎరుపునే నమ్ముకుంటే మోసపోతాం. ఎండ బాగా ముదిరి 30 డిగ్రీలు దాటిందనుకోండి, కాయకి ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారవదు, కాయ నారింజ రంగులోనే ఉండిపోతుంది, మెత్తబడటం మాత్రం ఆగదు. మనం రంగు కోసం చూస్తూ కూర్చుంటే పులుపు తగ్గిపోతుంది, పులుపు తగ్గేకొద్దీ పెరిగే పీహెచ్ అంకె పైకెళ్తుంది, అది 4.6 దాటితే బొట్యులిజం భయం, అంటే ప్రాణం తీసే విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగొచ్చు, దాన్ని చంపడానికి మామూలు వేడి సరిపోదు. పేస్ట్‌కి చిక్కదనమిచ్చే పెక్టిన్ కూడా విరిగిపోతుంది. ఫ్యాక్టరీలో నలిపిన వెంటనే 90 డిగ్రీల పైన వేడిచేసి ఆ పెక్టిన్‌ని విరిచే ఎంజైములని ఆపేస్తారు నిజమే, కానీ తోటలోనే పోయిన చిక్కదనాన్ని ఏ మెషినూ వెనక్కి తేలేదు.

ఇక బ్రిక్స్, అంటే రసంలో కరిగి ఉన్న చక్కెరలాంటి పదార్థాల శాతం. 5 బ్రిక్స్ రసంతో 30 బ్రిక్స్ పేస్ట్ కిలో చేయాలంటే 6 కిలోల రసం కావాలి, 5 కిలోల నీళ్లు ఆవిరి చేయాలి. అదే 4 బ్రిక్స్ అయితే ఏడున్నర కిలోల రసం, ఆరున్నర కిలోల నీళ్లు, ఆ ఇంధనం ఖర్చు ఎవరిదో ఆలోచించండి. కోతకి రెండుమూడు వారాల ముందే తడి ఆపేస్తే బ్రిక్స్ పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. ఇసుక నేలైతే అంత ముందు ఆపలేం, మొక్క వాడిపోతుంది. ఫ్యాక్టరీవాళ్లు టన్ను లెక్కనే డబ్బిచ్చి, బ్రిక్స్‌కి పైసా ఇవ్వకుండా, రైతు ఆఖరిదాకా నీళ్లు పెట్టాడని తిడితే ఎలాగండి, నాకైతే అది న్యాయంగా అనిపించదు.

కోశాక లోడు ఎండలో నిలబడితే అడుగు కాయలు నలిగి పులుస్తాయి, బూజు పడుతుంది. చాలాసార్లు తప్పు కోతది కాదు, ఫ్యాక్టరీ ముందు క్యూది. ఫ్యాక్టరీ రోజుకి ఇన్ని టన్నులే తీసుకోగలదు కాబట్టి నారు నాటేటప్పుడే వారానికో మడి చొప్పున వెనకాముందూ నాటుకుంటూ పోవాలి. కోత దగ్గరపడ్డాక మాత్రం గట్టు పక్క కాయలు నాలుగు చూసి ఊరుకోకుండా నాలుగైదు చోట్ల కాయలు కోసి, కలిపి నలిపి, ఆ రసాన్నే బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో పెట్టి చూడండి.