రేటు ఇంకా పుట్టలేదు, అంచనాలకు మాత్రం మీసాలొచ్చాయి

(చర్చలో ఒక హార్డ్‌వేర్ ఇంజినీర్, ఒక గేమ్ డెవలపర్, ఒక గ్యాడ్జెట్ రివ్యూయర్. షో మొదలవకముందే ముగ్గురి చేతా ఒక్కో చీటీ రాయించాం: వచ్చే తరం ప్లేస్టేషన్ మామూలు మోడల్ అమెరికాలో విడుదల రోజున ఎన్ని డాలర్లుంటుంది? మడతపెట్టిన చీటీలు బల్ల మీద కాఫీ కప్పు కింద ఉన్నాయి.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మన టాపిక్. రాని కన్సోల్‌కి రేటు కడుతున్నాం. రివ్యూయర్ గారూ, మీ చానల్‌లోనే 'ధర లీకైంది' అని రెండు వీడియోలు చూశాను.

రివ్యూయర్: మూడండి. ఒకటి డిలీట్ చేశా. నిజం చెప్తే, ధర అసలు లీకయ్యే వస్తువే కాదు. చిప్ వివరాలు లీకవుతాయి, ఎందుకంటే చిప్ డిజైన్ విడుదలకు ఏళ్ల ముందే ఖాయం కావాలి, దాని చుట్టూ వందలమంది పనిచేస్తుంటారు. ధర మాత్రం ఓ గదిలో నలుగురు కూర్చుని చివరి నిమిషంలో మార్చేయగలరు. 1995లో ఈ3 అనే గేముల ప్రదర్శనలో ఏం జరిగింది? సెగా వాళ్లు తమ కన్సోల్ సాటర్న్ 399 డాలర్లు అన్నారు, అదే రోజు సోనీ మనిషి ఒకాయన స్టేజి ఎక్కి '299' అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. దెబ్బ అక్కడే పడింది. ఏ లీక్ చూసి చెప్పగలం అది?

డెవలపర్: విడుదలయ్యాక కూడా మారతాయి కదండీ. నింటెండో చేతి కన్సోల్ 3డీఎస్ 2011 మార్చిలో 249.99 డాలర్లకు వచ్చింది, ఆగస్టుకల్లా 169.99 చేసేశారు. ముందే కొన్నవాళ్లు గొడవ చేస్తారని 20 పాత గేములు ఉచితంగా ఇచ్చారు. ఆ ముందు కొన్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ 20లో సగం ఇప్పటికీ తెరవలేదు.

వ్యాఖ్యాత: అది తగ్గిన కథ. ఇప్పుడు తగ్గడమనే మాటే వినపడట్లేదు. ఇంజినీర్ గారూ, మా చిన్నప్పుడు ఓ రెండేళ్లు ఓపిక పడితే కన్సోల్ సగం రేటుకు వచ్చేది. ఏమైంది ఆ రూలు?

ఇంజినీర్: ఆ రూలు చచ్చిపోయింది సార్. ప్లేస్టేషన్ 2 చూడండి, 2000లో 299, 2002లో 199, 2009కి 99 డాలర్లు. ఎందుకు తగ్గిందంటే రెండు మూడేళ్లకోసారి అదే చిప్‌ని ఇంకా చిన్నగా చేయగలిగేవాళ్లు, వేఫర్ అనే ఒక్క సిలికాన్ పళ్లెం నుంచి ఎక్కువ చిప్‌లు వచ్చేవి, చిప్ కరెంటు తక్కువ తాగేది కాబట్టి పవర్ సప్లై చిన్నదయ్యేది, హీట్‌సింక్ చిన్నదయ్యేది, చివరికి అట్టపెట్టె కూడా చిన్నదై ఓడలో ఎక్కువ పెట్టెలు పట్టేవి. ఒక్క చోట తగ్గితే వరసగా అన్నీ తగ్గేవి. ఇప్పుడు చిప్ కొంచెం చిన్నదవుతుంది గానీ కొత్త పద్ధతిలో చేసే వేఫర్ ఖరీదు అంతకంటే పెరుగుతోంది. పైగా చిప్ లోపలుండే క్యాష్ మెమరీ దాదాపు చిన్నదవడమే మానేసింది. ప్లేస్టేషన్ 5, అదే పీఎస్5 చిప్‌ని 7 నానోమీటర్ల పద్ధతి నుంచి 6కి మార్చారు, కొనేవాడికి ఏం ఒరిగింది?

రివ్యూయర్: ఒరగడం మాట అటుంచండి, చావు కబురు చల్లగా చెప్పినట్టు 2025 ఆగస్టులో అమెరికాలో 50 డాలర్లు పెంచారు. 2020లో 499.99 ఉన్నది 549.99 అయింది. మైక్రోసాఫ్ట్ చవక కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఇంకా ఘోరం, 299.99కి వచ్చింది, 2025లోనే రెండుసార్లు పెరిగి అక్టోబర్‌కి 399.99. ఐదేళ్ల పాత మెషీన్, కొత్తగా ఉన్నప్పటికంటే వంద ఎక్కువ! 'కాస్త ఆగండి, తగ్గుతుంది' అని ఏళ్ల తరబడి చెప్పిన రివ్యూయర్లలో నేనూ ఉన్నాను, క్షమించాలి.

డెవలపర్: అందులో టారిఫ్‌ల, అంటే దిగుమతి సుంకాల వాటా కూడా ఉంది, చిప్‌నే తిట్టకండి. నింటెండో స్విచ్ 2 ధర 449.99 అని 2025 ఏప్రిల్ 2న బయటపెట్టారు, అదే రోజు అమెరికా టారిఫ్‌లు ప్రకటించింది, దాంతో అక్కడ ప్రీ-ఆర్డర్లు 9వ తేదీ నుంచి 24కి వాయిదా. అప్పుడు కన్సోల్ రేటు ముట్టుకోలేదు గానీ కంట్రోలర్లు, ఇతర సామాన్ల రేట్లు పెంచేశారు. పెట్టె మీద అంకె అలాగే ఉంటుంది, చుట్టుపక్కల అంకెలు కదులుతాయి. రేపు కూడా ఇదే చూస్తారు.

వ్యాఖ్యాత: సరే, చేతిలో పట్టుకుని ఆడే మెషీన్లు, అదే హ్యాండ్‌హెల్డ్‌లకు వద్దాం. ఇంజినీర్ గారు సంచిలో ఏదో తెచ్చారు.

ఇంజినీర్: నాదే, పాడైపోయింది. ఏ కంపెనీదో అడక్కండి. ఎడమ స్టిక్ దానంతటదే పక్కకు జారుతుంటే బాగుచేద్దామని విప్పాను, బాగుచేసేసరికి స్క్రీన్ కేబుల్ తెగింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సరే, కెమెరా ఇటు తిప్పండి. ఈ వెండి రంగు దిండులా ఉందే, అది బ్యాటరీ, లోపలి జాగాలో సగం దానిదే. ఇదిగో ఈ రాగి గొట్టం, దాని చివర ఫ్యాను. గొట్టం ఎత్తితే కింద, బొటనవేలి గోరంత, ఇదీ చిప్. మీరందరూ వేగం కొలవడానికి టెరాఫ్లాప్‌లు లెక్కపెట్టేది దీని గురించే. దాని పక్కన ఈ నల్ల బిళ్లలు చూశారా, ఇవి మెమరీ. నన్నడిగితే రాబోయే రేటు వీటి మీద రాసుంది.

వ్యాఖ్యాత: చిప్ మీద కాదా?

ఇంజినీర్: చిప్ రేటు ఒప్పందంలో ముందే కుదుర్చుకోవచ్చు. మెమరీ అలా కాదు, కూరగాయల మార్కెట్‌లా ఎక్కుతుంది దిగుతుంది. ప్రపంచంలో ఈ మెమరీ, డీరామ్ అంటారు, చేసేది ప్రధానంగా ముగ్గురు, శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఆ ముగ్గురి ఫ్యాక్టరీల ముందూ ఏఐ డేటా సెంటర్ల వాళ్లు డబ్బు సంచులతో నిలబడ్డారు. 2025 చివర్లో మెమరీ రేట్లు ఎగిరిపోయాయి, డిసెంబర్‌లో మైక్రాన్ అయితే మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారమే వదిలేస్తున్నట్టు చెప్పింది. పీఎస్5లో 16 జీబీ ఉంది, తర్వాతి దాంట్లో అంతకంటే ఎక్కువ పెట్టక తప్పదు. ఎక్కువ మెమరీ, ఎక్కువ రేటుకి. గుణించుకోండి.

రివ్యూయర్: హ్యాండ్‌హెల్డ్‌కి ఇంకో గోడ ఉందండి, బ్యాటరీ. జనం నన్నడిగేది ఒకటే, 'అన్నా, పీఎస్5 గేములు చేతిలో ఆడే మెషీన్ ఎప్పుడు?' పీఎస్5 గేమ్ నడిచేటప్పుడు సుమారు 200 వాట్లు లాగుతుంది. వాల్వ్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్ ఓలెడ్ చిప్‌కి మహా అయితే 15 వాట్లు, బ్యాటరీ 50 వాట్-అవర్. స్క్రీన్, వైఫై అన్నీ కలిపి 25 వాట్లు అనుకుంటే రెండు గంటలు, అంతే. పెద్ద బ్యాటరీ పెట్టండి అంటారు. ఎక్స్‌బాక్స్ పేరుతో ఆసుస్ తెచ్చిన ఎల్లై ఎక్స్‌లో 80 వాట్-అవర్ పెట్టారు, బరువు 715 గ్రాములు. పడుకుని ఆడుతూ కునుకు తీసి చూడండి, ముక్కు మీద పడితే తెలుస్తుంది, నాకు తెలిసింది. ఇంకా పెంచుకుంటూ పోతే వంద వాట్-అవర్ దాటాక విమానంలో తీసుకెళ్లడానికి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

డెవలపర్: అందుకే తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించే పద్ధతి. స్విచ్ 2 డీఎల్‌ఎస్‌ఎస్‌తో చేసేది అదే. 2025 అక్టోబర్‌లో సోనీ, దానికి చిప్‌లు డిజైన్ చేసిచ్చే ఏఎండీ కలిసి ఓ వీడియో పెట్టాయి, ప్రాజెక్ట్ అమెథిస్ట్ అనే తమ ఉమ్మడి పని గురించి. అందరూ వెలుగునీడలు సహజంగా గీసే రే ట్రేసింగ్ అని చప్పట్లు కొట్టారు గానీ నాకు నచ్చింది చివర్లో చెప్పిన యూనివర్సల్ కంప్రెషన్. చిప్‌కీ మెమరీకీ మధ్య తిరిగే డేటానంతా కుదించే సంగతి.

ఇంజినీర్: కరెక్ట్ మేడమ్. హ్యాండ్‌హెల్డ్‌లో ట్రాఫిక్ జామ్ అయ్యేది అక్కడే. పెద్ద కన్సోల్‌లో వాడే వేగం మెమరీ చేతిలో పెడితే కాలుతుంది, నెమ్మది మెమరీ పెడితే గోరంత చిప్ కూడా ఖాళీగా కూర్చుంటుంది. రోడ్డు వెడల్పు చేయలేనప్పుడు సామాను కుదించి పంపడమే.

వ్యాఖ్యాత: అంటే సోనీ హ్యాండ్‌హెల్డ్ వస్తున్నట్టేనా?

రివ్యూయర్: 2025 సెప్టెంబర్‌లో పీఎస్5కి పవర్ సేవర్ మోడ్ ఇచ్చారు, కొన్ని గేములు తక్కువ కరెంటుతో నడుస్తాయి. కరెంటు ఆదా కోసం అని వాళ్ల మాట, హ్యాండ్‌హెల్డ్‌కి రిహార్సల్ అని మా మాట. నా నాలుగో వీడియో దీని మీదే.

డెవలపర్: మీకు వీడియో, మాకు టెన్షన్. సిరీస్ ఎస్ వచ్చినప్పుడు ఇదే అన్నారు, 'అదే గేమ్, రిజల్యూషన్ మాత్రం తక్కువ' అని. రిజల్యూషన్ తగ్గించడం గంటలో పని. మెమరీ తగ్గితే గేమే మారిపోతుంది. బల్డర్స్ గేట్ 3 ఎక్స్‌బాక్స్‌కి ఆలస్యంగా వచ్చింది ఇందుకే, సిరీస్ ఎస్‌లో ఇద్దరు కలిసి ఆడే స్ప్లిట్ స్క్రీన్ పట్టలేదు, చివరికి 2023 డిసెంబర్‌లో ఆ మెషీన్‌కి ఆ సౌకర్యం లేకుండానే వదిలారు. రేపు హ్యాండ్‌హెల్డ్‌కి తక్కువ మెమరీ పెట్టి రేటు తగ్గించామని మీసం మెలేస్తే, ఆ తక్కువ మెమరీకే మేము పెద్ద కన్సోల్ గేమ్‌ని కూడా కుదించి రాయాలి. చవక హ్యాండ్‌హెల్డ్ బిల్లు ఖరీదైన కన్సోల్ కొన్నవాడు కట్టినట్టు.

వ్యాఖ్యాత: మరి 2022లో 399కే స్టీమ్ డెక్ ఎలా ఇచ్చారు, 2025లో ఎల్లై ఎక్స్ 999.99కి ఎందుకొచ్చింది? రెండూ హ్యాండ్‌హెల్డ్‌లే కదా.

రివ్యూయర్: 2022కీ 2025కీ తేడా ఉంది, చిప్‌లో తేడా ఉంది, అదంతా సగం జవాబే.

ఇంజినీర్: మిగతా సగం నేను చెప్తా. మెషీన్ లోపల కొట్టు ఎవరిదో చూడండి. వాల్వ్‌కి స్టీమ్ అనే గేముల స్టోర్ ఉంది, అమ్మిన ప్రతి గేమ్‌లో మామూలుగా 30 శాతం వాళ్లకే, కాబట్టి డెక్ మీద లాభం రాకపోయినా నిద్ర పడుతుంది. ఆసుస్‌కి ఏ కొట్టూ లేదు, మీరు ఆ మెషీన్‌లో వంద గేములు కొన్నా వాళ్లకు పైసా రాదు, అందుకే లాభం మొత్తం పెట్టె మీదే లాక్కోవాలి. సోనీ, నింటెండోలకు సొంత కొట్లున్నాయి కాబట్టి కన్సోల్ మీద తగ్గించుకునే దమ్ముంటుంది.

డెవలపర్: ఈ లెక్కన చూస్తే నాకు భయం ఎక్స్‌బాక్స్ గురించే. తర్వాతి ఎక్స్‌బాక్స్ పీసీలా ఉంటుంది, వేరేవాళ్ల స్టోర్లు కూడా నడుస్తాయి అని పుకారు. నిజమే అయితే, జనం గేములు స్టీమ్‌లో కొంటారు, అప్పుడు మైక్రోసాఫ్ట్ మీ పెట్టెకు డిస్కౌంట్ ఎందుకివ్వాలి? స్వేచ్ఛ కావాలని మనమే అడిగాం. దాని రేటు కూడా మనమే కట్టాలి.

ఇంజినీర్: దీనికి పాత ఉదాహరణ ఉంది. పీఎస్3 2006లో 499, 599 డాలర్లు, ఆ రేటుకీ సోనీకి నష్టమే. దాంట్లో లినక్స్ వేసి మామూలు కంప్యూటర్‌లా వాడుకోనిచ్చేవాళ్లు. అమెరికా ఎయిర్‌ఫోర్స్ ఏం చేసిందంటే 1,760 పీఎస్3లు కలిపి సూపర్ కంప్యూటర్ కట్టింది, 2010లో. ఒక్క గేమ్ కొంటారా వాళ్లు? వాల్వ్ 2025 నవంబర్‌లో కన్సోల్‌లాంటి పీసీ, స్టీమ్ మెషీన్ ప్రకటించినప్పుడు ధర చెప్పలేదు, కానీ కన్సోల్‌లా నష్టానికి ఇవ్వం, పీసీ లెక్కే అన్నారు. ఏ ఆఫీసు వాడైనా కొనుక్కెళ్లి ఎక్సెల్ నడుపుకోవచ్చు మరి.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోతోంది, కప్పు ఎత్తుతున్నా. అయ్యో, కాఫీ మరక. రివ్యూయర్ గారు... 599. డెవలపర్ గారు 699. ఇంజినీర్ గారు 549 రాసి కొట్టేసి, 649 రాసి, పక్కన ఏదో చిన్నగా రాశారు, చదవలేకపోతున్నాను.

ఇంజినీర్: 'డిస్క్ డ్రైవ్ విడిగా' అని.

రివ్యూయర్: అలా అయితే నాదీ విడిగానే సార్! పీఎస్5 ప్రో 699.99కి ఇచ్చి డ్రైవ్‌కి ఇంకో 79.99 అడిగారు కదా, అలా లెక్కేస్తే నేను తప్పు రాసినట్టు.

డెవలపర్: నేను డ్రైవ్‌తో కలిపే రాశాను.

రివ్యూయర్: ఒక్క నిమిషం, పెన్ను ఇటివ్వండి...

వ్యాఖ్యాత: ఇవ్వను.