కేబుల్ తీసేసే ముందు అత్తగారిని అడగండి

శ్రోతలకు నమస్కారం.

కేబుల్ తీసేద్దామన్న మాట ఈమధ్య చాలా ఇళ్లలో వినిపిస్తోంది. ఆ మాట అనేది ఎవరు? పొద్దున ఆఫీసుకు వెళ్లి రాత్రికి ఇల్లు చేరేవారు. పగలు టీవీ ముందు కూర్చునేది ఎవరు? వేరేవారు. డబ్బు కట్టేవారు ఒకరు, చూసేవారు ఒకరు. ఈ పూట నేను మాట్లాడేది చూసేవారి తరఫున.

లెక్క సంగతి త్వరగా చెప్పేస్తాను. 2019 ఫిబ్రవరిలో కేబుల్ ధరల మీద నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన కొత్త విధానం అమల్లోకి వచ్చింది. అప్పట్లో మొదటి 100 ఛానళ్లకు నెలకు 130 రూపాయల దాకా, జీఎస్టీతో కలిపి 153 రూపాయల 40 పైసలు. విడిగా డబ్బు కట్టి చూసే పే ఛానళ్ల ధర అదనం. ఆ నిబంధనలు తర్వాత కొంత మారాయి. అంతకుముందే, 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. 2020 ఉగాదికి తెలుగు సినిమాలు, షోలు ఆన్‌లైన్‌లో చూపించే ఆహా వచ్చింది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండగా ఇంకో బిల్లు ఎందుకని అనిపించడం సహజమే. తమాషా ఏమిటంటే, చాలా ఊళ్లలో ఆ ఇంటర్నెట్ తీగ లాగింది కూడా పాత కేబుల్ ఆయనే!

ఇక మా అత్తగారి సంగతి. ఆవిడకు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఛానళ్ల పేర్లతో ఆవిడకు పనిలేదు, అన్నీ అంకెలే. కళ్లజోడు లేకపోయినా వేళ్లకు తెలుసు. మూడు అంకెలు నొక్కితే తిరుమల వచ్చేది. మధ్యాహ్నం ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం చూడాలి, ఆ తర్వాతే భోజనం.

కేబుల్ తీసేసి స్మార్ట్ టీవీ పెట్టాం. మొదటి రోజు అది నాలుగు బొమ్మలు చూపించి, ఎవరు చూస్తున్నారని ఇంగ్లీషులో అడిగింది. మా అమ్మాయి చదివి చెప్పింది. "నేనే చూస్తున్నాను, కనపడటం లేదా?" అని అత్తగారు టీవీకే జవాబిచ్చారు. అందరం నవ్వాం. ఆవిడా నవ్వారు.

తర్వాత నవ్వులు తగ్గాయి. బాణం బటన్‌తో పక్కకు జరగాలి, కిందికి దిగాలి, మధ్యలో నొక్కాలి. అది నేర్చుకునేలోపు తెర మీది బొమ్మలు చోటు మారేవి. "నిన్న ఇక్కడే ఉందే" అనేవారు. నిజమే, నిన్న అక్కడే ఉంది. కేబుల్‌లో అంకె తెలిస్తే చాలు. ఇక్కడ యంత్రం రోజూ తనకు తోచినట్టు సర్దుతుంది. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. టీవీ వేయడం మానేశారు, అంతే. సాయంత్రం ఎవరైనా వచ్చి పెడితే చూసేవారు. తన టీవీ కోసం ఒకరిని అడగాల్సి రావడం ఆ వయసులో చిన్న విషయం కాదు.

దారి మా అమ్మాయే కనిపెట్టింది. రిమోట్‌లో మైకు బటన్ మీద ఒక ఎర్ర స్టిక్కర్ బొట్టు అంటించింది. బొట్టు నొక్కి పట్టుకుని మాట్లాడమంది. అత్తగారు భక్తిగా "వేంకటేశ్వరస్వామి" అన్నారు. సినిమా వచ్చింది. మళ్లీ అన్నారు. పాటలు వచ్చాయి. చివరికి "ఎస్వీబీసీ లైవ్" అనడం పట్టుబడింది. యూట్యూబ్‌లో అది ఉచితమే, దానికి చందా అక్కర్లేదు. ఇప్పుడు మళ్లీ కల్యాణోత్సవం అయ్యాకే భోజనం.

క్రికెట్ ఇష్టపడేవారికి ఒక మాట. ఆన్‌లైన్‌లో ప్రత్యక్ష ప్రసారం కొన్ని క్షణాలు వెనకబడి వస్తుంది. దృశ్యాన్ని చిన్న చిన్న ముక్కలుగా పంపి, కొన్ని ముక్కలు చేరాకే చూపిస్తారు కాబట్టి. కేబుల్ ఉన్న పక్కింట్లో కేక వినిపించాక మన తెర మీద వికెట్ పడుతుంది. రేడియో పెట్టుకున్నవారికి ఈ బాధ లేదని ఇక్కడ కూర్చుని అంటే పక్షపాతం అనుకుంటారేమో. అయినా అంటాను.

చివరగా ఒక్క పని చెబుతాను. కేబుల్ ఆయన నెలనెలా గుమ్మం దగ్గరికి వచ్చి డబ్బు అడిగేవాడు. చూస్తున్నామా లేదా అన్న ఆలోచన అప్పుడైనా వచ్చేది. ఆన్‌లైన్ చందాకు గుమ్మం దాకా వచ్చేవారు లేరు. చూసినా చూడకపోయినా డబ్బు దానంతట అదే వెళ్లిపోతుంది. అయితే రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి ఉంది. 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ఇలా దానంతట అది కోతపడే డబ్బు గురించి కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. ఆ సందేశాన్ని తుడిచేయకండి. అది వచ్చేది డబ్బు కట్టేవారి ఫోనుకు. కాబట్టి ఆ రోజు ఇంట్లో చూసేవారిని అడగండి, ఇది చూస్తున్నారా అని. చూడటం లేదని వాళ్లంటే, కోత పడకముందే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆపేయండి.

మా ఇంట్లో అలా అడిగితే ఒక చందా ఆగిపోయింది. అది అత్తగారిది కాదు, మావారిది.

నమస్కారం.