మావో షిమాడా మొదటి సీనియర్ సీజన్: నా ఆశలు, నా భయం

నమస్కారం అండీ. జపాన్ ఫిగర్ స్కేటర్ మావో షిమాడా మీద ఈ వీడియో కోసం నేను నాలుగేళ్లు ఆగాను. 2022 జూన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య, అంటే మనం ఐఎస్‌యూ అంటాం కదా, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో సమావేశమై వయసు నిబంధన మార్చింది. ఆ రోజు నుంచి నా మనసులో ఒక తేదీ ఉండిపోయింది: 2026 జులై 1. ఆ తేదీతో మొదలయ్యే సీజన్ నుంచి మావో షిమాడా సీనియర్‌గా, అంటే పెద్దల విభాగంలో, ఆడవచ్చు.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఆ నిబంధన సంగతి చెప్పేస్తాను. అంతకుముందు జులై 1 నాటికి 15 ఏళ్లు నిండి ఉంటే చాలు, ఆ సీజన్‌లో ఒలింపిక్స్‌కి వెళ్లొచ్చు. ఆ వయసును దశలవారీగా 17కి పెంచారు. 100 ఓట్లు అనుకూలంగా, 16 వ్యతిరేకంగా పడ్డాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్‌లో 15 ఏళ్ల కమీలా వలియేవా డోపింగ్ వివాదం మధ్యలో, అంతమంది కళ్ల ముందు పడుతూ లేస్తూ ప్రోగ్రామ్ పూర్తి చేసింది. అది చూసినవాళ్లకి ఈ మార్పు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు ఆ నిబంధన మీద కోపం లేదు. మంచి నిబంధనే.

కానీ మావో పుట్టింది 2008 అక్టోబర్ 30న. 2026 మిలాన్ ఒలింపిక్స్‌కి వెళ్లాలంటే 2025 జులై 1కి 17 నిండాలి. సరిగ్గా నాలుగు నెలలు తక్కువయ్యాయి. అదే జపాన్‌లో అమి నకాయ్ 2008 ఏప్రిల్‌లో పుట్టింది. ఇద్దరికీ తేడా ఆరు నెలలు. నకాయ్ మిలాన్ వెళ్లి కాంస్యం తెచ్చుకుంది. 2023 జూనియర్ ప్రపంచ పోటీల్లో మావో బంగారు పతకంతో నిలబడ్డప్పుడు ఇదే నకాయ్ పక్కన కాంస్యంతో ఉంది. నకాయ్ గెలిచిన రోజు నేను ఎంత సంతోషపడ్డానో, ఆ రాత్రి మావో గురించి అంతే ఆలోచించాను. ఆ అమ్మాయి టీవీ ముందు కూర్చుని ఏమనుకుందో అని.

ఇక్కడ ఇంకో కథ ఉంది. జపాన్ స్కేటింగ్ చూసేవాళ్లందరికీ తెలిసిందే. మావో షిమాడాకి ఆ పేరు పెట్టింది మావో అసాడా అనే జపాన్ స్కేటర్‌ని చూసి. ఆ అసాడా కూడా వయసు వల్లే ఒక ఒలింపిక్స్ పోగొట్టుకుంది. అసాడా పుట్టింది 1990 సెప్టెంబర్ 25న, అంటే టురిన్ 2006కి కావలసిన గడువు మూడు నెలల లోపు తేడాతో తప్పింది. 2005 డిసెంబర్‌లో టోక్యోలో జరిగిన గ్రాండ్ ప్రి ఫైనల్‌లో, అంటే ఆ సీజన్ గ్రాండ్ ప్రి పోటీల్లో ముందున్నవాళ్లు తలపడే చోట, అప్పటి ప్రపంచ చాంపియన్ ఇరీనా స్లుట్‌స్కాయాని ఓడించి గెలిచింది. రెండు నెలల తర్వాత ఒలింపిక్స్. ఆ ఒలింపిక్స్‌లో అసాడా లేదు. పేరు పంచుకున్న ఇద్దరికీ ఇలా ఒకే రకంగా జరగడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సరే, మావో ఈ నాలుగేళ్లూ ఏం చేసిందో చూద్దాం. జూనియర్ ప్రపంచ పోటీలు: 2023 కాల్గరీ, 2024 తైపే, 2025 డెబ్రెట్సెన్. మూడూ బంగారాలే. మహిళల్లో మూడుసార్లు ఆ టైటిల్ గెలిచినవాళ్లు ఆమెకు ముందు లేరు. జూనియర్ గ్రాండ్ ప్రి ఫైనల్ 2022లో టురిన్, 2023లో బీజింగ్, 2024లో గ్రెనోబుల్, అక్కడా అంతే. 2024 జనవరిలో కొరియాలో యూత్ ఒలింపిక్స్ బంగారం. కాల్గరీలో రెండో స్థానంలో ఉన్న షిన్ జియాకీ ఈమెకీ తేడా 20 పాయింట్ల పైనే. జియా సామాన్యురాలు కాదు, అంత అందమైన స్కేటర్ జూనియర్లలో ఇంకెవరున్నారు అనిపించేది నాకు.

జూనియర్లతోనే కదా అంటారేమో. జపాన్ సీనియర్ జాతీయ పోటీల్లో 14 ఏళ్లకే, 2022లో, మూడో స్థానం. 2024లో కావోరి సకమోటో తర్వాత రెండో స్థానం. పతకం మెడలో ఉంటుంది, కానీ సీనియర్ ప్రపంచ పోటీలకు పంపడానికి వయసు చాలదు. ఇంట్లో పరీక్ష పాసై బయట పరీక్షకి హాల్ టికెట్ రానట్టు, ఏటా అదే.

ఇప్పుడు స్క్రీన్ మీద ఆమె ఫ్రీ స్కేట్, అంటే పోటీలో రెండోదైన పొడవాటి ప్రోగ్రామ్, పెడుతున్నాను. దయచేసి మొదటిసారి జంప్‌లు వదిలేసి చూడండి. నేను కూడా మొదట్లో జంప్‌లే చూసేదాన్ని. ట్రిపుల్ ఆక్సెల్, గాల్లో నాలుగు చుట్లు తిరిగే క్వాడ్ టో లూప్ ఒకే ప్రోగ్రామ్‌లో ల్యాండ్ చేసే అమ్మాయి అంటే ఎవరి కళ్లైనా అక్కడికే పోతాయి కదా. ఈసారి స్పిన్ చూడండి. చాలామంది స్పిన్ మొదట్లో గబగబా తిరిగి, పొజిషన్ మార్చేసరికి నెమ్మదిస్తారు. కౌంట్ పూర్తయితే చాలన్నట్టు బయటికి వచ్చేస్తారు. మావో పొజిషన్ మార్చినా వేగం పట్టు వదలదు. కేంద్రం జరగదు, మంచు మీద గీత చిన్న వలయంలాగే ఉంటుంది. ఇది క్యోటోలో కోచ్ మియే హమాడా దగ్గర పెరిగిన పిల్లల్లో కనిపించే శ్రద్ధ. ఈ పని హెడ్‌లైన్‌లో రాదు, స్కోర్ షీట్‌లో మాత్రం అన్నిటికన్నా పై స్థాయి, లెవెల్ ఫోర్ అని వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆక్సెల్ చూద్దాం. ముందుకు వెళ్తూ ఎగిరే జంప్ ఇదొక్కటే, అందుకే అదనంగా అరచుట్టు. ట్రిపుల్ ఆక్సెల్ అంటే మూడున్నర చుట్లు. గాల్లో ఉండేది అర సెకను పైచిలుకు. అందులో ఎగరడం, శరీరాన్ని ముడుచుకోవడం, తిరగడం, మళ్లీ విప్పుకుని ఒంటి కాలి మీద వెనక్కి దిగడం, అన్నీ అయిపోవాలి. ఇదే చోట నా భయం మొదలవుతుంది.

14 ఏళ్లకు వచ్చిన జంప్ 18 ఏళ్లకు అలాగే ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరు. ఎత్తు పెరుగుతుంది, భుజాలు, నడుము మారతాయి. బరువు తిరిగే అక్షానికి కొద్దిగా దూరం జరిగినా చుట్టు నెమ్మదిస్తుంది. స్కేటర్ చేసే పని అదే, కష్టం అంతే, పావు చుట్టు తగ్గిపోతుంది. ఎన్ని కెరీర్లు ఆ పావు చుట్టు దగ్గర ఆగిపోయాయో మనం చూశాం. మావో అదే వయసులో, ఎదుగుతూ, ఆ జంప్‌లు కాపాడుకుంటూ వచ్చింది. అది నాకు పతకాల కన్నా పెద్ద విషయం.

అందుకే ఫ్యాన్స్‌లో చాలామంది అంటున్న మాటతో నేను ఏకీభవించలేను. "సీనియర్‌కి వచ్చేసింది, ఇక ప్రతి పోటీలో ఆక్సెల్, క్వాడ్ రెండూ కావాల్సిందే" అంటున్నారు. ఒక చిన్న లెక్క వేద్దాం. గత సీజన్ వరకు ఉన్న స్కేల్ ప్రకారం ట్రిపుల్ ఆక్సెల్ బేస్ వాల్యూ, అంటే ఆ జంప్‌కి ఉండే అసలు మార్కులు, 8.0, డబుల్ ఆక్సెల్ 3.3. ట్రిపుల్ పూర్తిగా తిరిగి కింద పడితే నాణ్యత మార్కుల కింద బేస్ వాల్యూలో సగం, అంటే 4.0 పోతుంది. పడినందుకు ఇంకో పాయింట్ కోత. మిగిలేది 3.0. అంటే పడిన ట్రిపుల్ కన్నా మామూలుగా దిగిన డబుల్ నయం. మంచి డబుల్‌కి పైన ఇంకా కలుస్తుంది. పడ్డాక ప్రోగ్రామ్ తెగిపోతుంది, ఊపిరి చెదురుతుంది, కాంపోనెంట్స్‌లో, అంటే స్కేటింగ్, కూర్పు, ప్రదర్శనకి ఇచ్చే మార్కుల్లో, జడ్జిలూ చేయి బిగపడతారు. క్వాడ్ టో లూప్ 9.5. దిగితే పండగే. కానీ ప్రతి వారం పండగ చేసుకోమని 17 ఏళ్ల అమ్మాయిని అడగకూడదు.

సీనియర్లలో గెలుస్తున్నవాళ్లని చూడండి. సకమోటో 2022, 2023, 2024లో వరుసగా మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది, ట్రిపుల్ ఆక్సెల్ లేకుండా, క్వాడ్ లేకుండా. ఆమె ఒక డబుల్ ఆక్సెల్ వేస్తే రింక్‌లో గాలి కదిలినట్టు ఉంటుంది, అంత వేగం, అంత దూరం. అలీసా ల్యూ చిన్నప్పుడు ట్రిపుల్ ఆక్సెల్, క్వాడ్ లట్జ్ రెండూ చేసింది. 16 ఏళ్లకే ఆట వదిలేసి, రెండేళ్ల తర్వాత తిరిగొచ్చి, అవేవీ లేకుండా 2025లో బోస్టన్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. తర్వాత మిలాన్‌లో ఒలింపిక్ బంగారం. ఆమె ముఖంలో ఉన్న ఆ తేలిక చూశారా? నాకు మావోలో చూడాలని ఉన్నది అదే.

కాబట్టి ఈ సీజన్‌లో నేను మొదట వెతికేది వేగం. మావో స్కేటింగ్ శుభ్రంగా ఉంటుంది, అడుగు తప్పదు. కానీ సకమోటోలాగా రెండు తోపుల్లో రింక్ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిపోయే ధైర్యం ఇంకా పూర్తిగా రాలేదని నా అభిప్రాయం. జంప్‌కి ముందు కొద్దిగా జాగ్రత్త పడుతుంది, మీరు గమనిస్తే తెలుస్తుంది. ఇన్నాళ్లూ జూనియర్ ఫ్రీ స్కేట్ మూడున్నర నిమిషాలు, సీనియర్ నాలుగు. కాళ్లు బరువెక్కేది ఆ చివరి అర నిమిషంలోనే, జంప్‌లన్నీ అయిపోయాక. అక్కడ పాటతో ఉందా, ముగింపు కోసం చూస్తోందా అన్నది నేను ప్రతి పోటీలో చూస్తాను.

పోటీ గురించి త్వరగా చెప్పేస్తాను. సకమోటో 2025-26తో ఆట ముగిస్తానని ముందే చెప్పింది. కానీ ఆ కుర్చీ ఖాళీగా ఉందనుకోకండి. 2025 ప్రపంచ కాంస్యం గెలిచిన మోనే చిబా ఉంది, నకాయ్ ఉంది, క్వాడ్ టో లూప్ వేసే రియోన్ సుమియోషి ఉంది. ప్రపంచ పోటీలకు ఒక దేశం నుంచి గరిష్ఠంగా ముగ్గురే. డిసెంబర్ జాతీయ పోటీల్లో ఒక్క రోజు బాగోలేకపోతే మార్చిలో ఇంట్లోనే ఉండాలి. జపాన్ మహిళల జట్టులో చోటు అంత టెన్షన్.

ఇక ఇది చెప్పకుండా ఈ వీడియో ఆపలేను. అసాడా ఒలింపిక్ బంగారం గెలవలేదు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఒకే పోటీలో మూడు ట్రిపుల్ ఆక్సెల్‌లు వేసి రజతం తెచ్చుకుంది. 2014 సోచి ఒలింపిక్స్‌లో, పోటీలో మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్ తర్వాత 16వ స్థానం. మర్నాడు వచ్చి జీవితంలోనే గొప్ప ఫ్రీ స్కేట్ చేసి, చివరి పొజిషన్‌లో ఏడుపు ఆపుకోలేకపోయింది. మొత్తం మీద ఆరో స్థానం. ఆ బాకీ ఇప్పుడు ఈ మావో తీర్చాలని రాసేవాళ్లు, 2030 ఫ్రెంచ్ ఆల్ప్స్ లెక్కలు వేసేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. ప్రేమతోనే రాస్తున్నారు, నాకు తెలుసు. కానీ దయచేసి వద్దండీ. అప్పటికి ఈమెకి 21 ఏళ్లు. మధ్యలో నాలుగు సీజన్లు ఉన్నాయి, అవి ఆమెవి. ఒకరి బాకీ ఇంకొకరి ఖాతాలో రాయకూడదు. అసలు సోచిలో ఆ ఆరో స్థానాన్ని బాకీ అని పిలవడానికి నాకు నోరు రాదు. ఆ నాలుగు నిమిషాలు నేను ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో.

మొదటి గ్రాండ్ ప్రిలో ఆమె పేరు పిలిచినప్పుడు స్కోర్ టేబుల్ పక్కన పెట్టి చూస్తాను. ఆక్సెల్ డబుల్ అయినా సరే, పడినా సరే. చివర్లో చేతులు దించి ప్రేక్షకుల వైపు తిరిగినప్పుడు ఆ ముఖంలో ఏముందో చూస్తాను. ఆ రాత్రే ఇంకో వీడియో పెడతాను, కలుద్దాం.