గేర్ ఆయిల్‌లో నీళ్లు

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు బోటు ఇంజిన్ గురించి మాట్లాడతాను. హైదరాబాద్‌లో బోట్లేంటి అనకండి. మనకు హుస్సేన్ సాగర్ ఉంది, లుంబినీ పార్కు నుంచి బుద్ధుడి విగ్రహం దాకా తిరిగే బోట్లున్నాయి, వానాకాలం గాలికి తెరచాప పడవల పోటీలు జరుగుతాయి, ఆ పోటీల్లో పిల్లల పడవ బోల్తా పడితే వాళ్లను పైకి లాగడానికి పక్కనే రెస్క్యూ బోట్లు తిరుగుతుంటాయి. అలాంటి బోటుకు వెనకాల వేలాడే మోటారునే ఔట్‌బోర్డ్ అంటారు. ఇంజిన్లు విప్పి బిగించడమే నా పని కాబట్టి అవి కూడా అప్పుడప్పుడూ నా చేతికి వస్తుంటాయి.

నేను చెప్పబోయే ఇంజిన్ మాత్రం ఇక్కడిది కాదు, అమెరికాలో మిన్నెసోటాలో ఉండే మా మేనల్లుడిది. అక్కడ చలికాలంలో చెరువులు ఎంత గట్టిగా గడ్డకడతాయంటే వాటి మీద కార్లు, ట్రక్కులు నడుపుతారు. అందుకే అక్టోబర్ వచ్చేసరికి అందరూ బోట్లు ఒడ్డుకు లాగి చలికాలానికి సిద్ధం చేస్తారు. ట్యాంకులో పెట్రోల్ పాడవకుండా స్టెబిలైజర్ పోసి, ఆ మందు కార్బురేటర్ దాకా చేరేలా కాసేపు ఇంజిన్ నడిపి, సిలిండర్ లోపల తుప్పు పట్టకుండా ఆయిల్ స్ప్రే కొట్టి, బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టి, మోటారును నిటారుగా నిలబెట్టి లోపలి నీళ్లన్నీ కారిపోనిస్తారు. ఆ తర్వాత గేర్ ఆయిల్ మార్చాలి. మావాడు ఈ ఆఖరి పని ఎగ్గొడదామనుకున్నాడు.

"పోయినేడు షాపువాళ్లే మార్చారు మామా, ఒక్క ఎండాకాలమే కదా తిరిగింది, మళ్లీ బోటు దింపేటప్పుడు మారుస్తాలే" అన్నాడు. వాళ్లకు శనివారం సాయంత్రం, మనకు ఆదివారం పొద్దున, వీడియో కాల్‌లో మాట్లాడుకుంటున్నాం. మార్చకపోతే మార్చకపో గానీ ఒకసారి విప్పి అయినా చూడరా అన్నాను. నా లెక్కలో గేర్ ఆయిల్ పని బోటు దాచేటప్పుడు చేయాల్సిందే, బయటికి తీసేటప్పుడు చేసి లాభం లేదు. లోపల ఏం జరుగుతోందో బయటికి వచ్చిన పాత ఆయిలే చెబుతుంది, ఆ కబురు చలికాలం అయిపోయాక తెలిస్తే ఏం చేసుకుంటాం?

ఔట్‌బోర్డ్‌లో ఇంజిన్ పైన ఉంటుంది, నీళ్లను నెట్టి బోటును నడిపే ఫ్యాను, అంటే ప్రొపెల్లర్, కింద ఉంటుంది, రెండింటినీ కలిపే గేర్ బాక్స్ ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. దానికి పక్కన రెండు స్క్రూలుంటాయి, కింద ఆయిల్ దింపేది, పైన గాలి పోయేది. ఒక్కో స్క్రూ కింద ఒక చిన్న వాషర్. కొన్ని మోటార్లకు కింది స్క్రూ దగ్గరే ఇంకో స్క్రూ కనిపిస్తుంది, అది గేర్ మార్చే పుల్లను లోపల పట్టి ఉంచేది. ఆయిల్ స్క్రూ అనుకొని దాన్ని విప్పారా, గేర్ బాక్స్ మొత్తం దింపాల్సిన పని పడుతుంది. అందుకే మావాడితో ముందు కంపెనీ పుస్తకం తెరిపించి, ఏ స్క్రూనో చూపించమన్నాను.

విప్పాడు. రంగు చూడగానే "మామా, ఇరానీ ఛాయ్ లెక్క ఉందే!" అన్నాడు. మంచి గేర్ ఆయిల్ పారదర్శకంగా ఉంటుంది, వాడాక కాస్త నల్లబడుతుంది. పాలు కలిసినట్టు వచ్చిందంటే నీళ్లు చేరి, గేర్ల మధ్య చిలికి చిలికి ఆయిల్‌లో కలిసిపోయాయని అర్థం. అదే బోటు చాలా రోజులు కదలకుండా ఉంటే నీళ్లు కిందికి దిగుతాయి, స్క్రూ విప్పగానే ముందు నీళ్లే వస్తాయి.

మావాడికి టెన్షన్ పట్టుకుంది. ఫ్యాను వెనక, అది తిరిగే షాఫ్టు చుట్టూ నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు, అంటే ఆయిల్ సీల్, పోయిందనుకున్నాడు, నేనూ మొదట అదే అనుకున్నాను, ఎందుకంటే అక్కడ చేపల గాలం దారాలు షాఫ్టుకు చుట్టుకొని సీల్‌ను కోసేస్తాయి. ఫ్యాను విప్పించి చూశాం, దారం లేదు. మరి నీళ్లు ఎక్కడి నుంచి? అప్పుడు చెప్పాను, టార్చి వేసి ఆయిల్ దింపే కింది స్క్రూ కూర్చునే గుంటలోకి చూడరా అని. చూస్తే అడుగున నల్లగా ఒక రింగు కనిపించింది. గోటితో గీకితే ఊడి వచ్చింది. పాత వాషర్! పోయినేడు ఆయిల్ మార్చినవాడు స్క్రూకు కొత్త వాషర్ వేశాడు, బాగానే ఉంది, కానీ పాతది లోపలే అతుక్కుపోయిందని చూసుకోలేదు. ఒకదాని మీద ఒకటి రెండు వాషర్లు ఉంటే స్క్రూ ఎంత బిగించినా సరిగ్గా కూర్చోదు. చేతికి మాత్రం గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, అందుకే ఈ తప్పు చేసినవాడికి కూడా తెలియదు.

కారే చోటుంటే ఆయిల్ బయటికి రావాలి గానీ నీళ్లు లోపలికి ఎలా పోతాయని మావాడి అనుమానం. బోటు నడుస్తుంటే గేర్ బాక్స్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, ఆపగానే చుట్టూ ఉన్న చల్లటి నీటికి గాలి ముడుచుకుంటుంది, ఆ ముడుచుకోవడంలో సందు దొరికిన చోట నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. ఆపిన ప్రతిసారీ కొంచెం కొంచెం.

మిన్నెసోటా చలికి ఆ నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. గేర్ బాక్స్ అల్యూమినియం పోత, అంత ఒత్తిడికి నిలువునా పగలొచ్చు. అంటే వాషర్ పోయి గేర్ బాక్సే మార్చాల్సి వచ్చేది.

మనకు ఆ గొడవ లేదు, హుస్సేన్ సాగర్ ఎప్పుడూ గడ్డకట్టదు, అందుకేనేమో ఇక్కడ బోటు మూలన పెట్టేటప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాకు నచ్చనిది అదే. వానాకాలం పోటీలు అయ్యాక కొన్ని మోటార్లు నెలల తరబడి స్టాండు మీదే ఉంటాయి. గేర్ బాక్స్‌లో నీళ్లుంటే బేరింగులకు తుప్పు పట్టి గుంటలు పడతాయి. దానికి తోడు ఇప్పుడు మన పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతుంది, పెట్రోల్ పైపు పీల్చేది ఆ అడుగునుంచే. మీ ఇంట్లో జనరేటర్ వాడకుండా పడి ఉంటే దానికీ ఇదే కథ, ట్యాంకూ కార్బురేటర్ గిన్నే ఖాళీ చేసి పెట్టుకోండి. వాషర్లు, ఆయిల్ సీళ్లు రాణిగంజ్‌లో వెతికితే దొరుకుతాయి, పాత వాషర్ చేతిలో పట్టుకొని వెళ్లండి, కొలత నోటితో చెబితే తప్పు సైజు ఇస్తారు.

ఇక మావాడి సంగతి. వాషర్ దొరికింది కదా అని వెంటనే ఆయిల్ పోయనివ్వలేదు. కొత్త వాషర్‌తో కింది స్క్రూ బిగించి, పైరంధ్రం నుంచి చేతిపంపుతో కంపెనీ చెప్పినంతే గాలి నింపి, గేజు చూస్తూ సబ్బు నీళ్లు చల్లమన్నాను. ఎక్కువ కొడితే బాగున్న సీళ్లు కూడా పోతాయి. బుడగ రాలేదు, ముల్లు దిగలేదు, సీళ్లు బాగానే ఉన్నాయన్నమాట. ఆ తర్వాత కింది రంధ్రం నుంచే పంపుతో ఆయిల్ ఎక్కించాడు, పైరంధ్రంలోంచి బుడగల్లేకుండా ఆయిల్ వచ్చేదాకా. పైనుంచి పోస్తే లోపల గాలి ఇరుక్కొని ఆయిల్ తక్కువ పడుతుంది. ముందు పై స్క్రూ బిగించి, ఆ తర్వాతే పంపు తీసి కింది స్క్రూ పెట్టాలి, అప్పుడు ఆయిల్ పెద్దగా కారదు. పాత ఆయిల్‌లో ఇనుప రజను మాత్రమే ఉంది, ముక్కలు లేవు, కాబట్టి గేర్లు ఇంకా దెబ్బతినలేదనే అనుకుంటున్నాను. వచ్చే వేసవిలో బోటు దింపి నాలుగైదు గంటలు నడిపాక, ఒడ్డుకు లాగి కింది స్క్రూ కొద్దిగా వదులు చేసి నాలుగు చుక్కలు చూడమన్నాను. మళ్లీ తెల్లగా వస్తే ఈసారి సీళ్ల పనే పట్టాలి.